పగిడయ్య కేక

మా ఊళ్ళో ఎవరి బతుకు గురించి చెప్పాలన్నా ముందు పందుల గురించి చెప్పాలి. ఏన్కూరు నుంచి జూలూరుపాడు పోయే దారిలో అడవి వైపు తిరిగితే మా ఊరు వస్తుంది. చేలు ఎక్కడ ఆగాలో, అడవి ఎక్కడ మొదలవ్వాలో ఫారెస్టు ఆఫీసు పటంలో గీత గీసి ఉంది. ఆ పటం పందులకు ఎవరూ చూపించలేదు. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో పొద్దుగూకిందంటే మందలు మందలుగా దిగుతాయి. తిన్నంత తిని, మిగిలింది పొర్లి పాడుచేస్తాయి. కొడితే కేసు, కొట్టకపోతే పంట లేదు. చేను చుట్టూ కరెంటు తీగ పెట్టే మహానుభావులూ ఉన్నారు. ఆ తీగకు పందికన్నా ముందు మనిషి దొరుకుతాడని తెలిసీ పెడతారు. వాళ్ళ సంగతి ఎత్తితే నా నోరు మంచిగా ఉండదు, వదిలేద్దాం. ఇక మాబోటివాళ్ళకు మిగిలింది మంచె ఎక్కి అరవడం ఒక్కటే.

అరవడంలో పగిడయ్య తర్వాతే ఎవరైనా. అతని చేనుకూ మా చేనుకూ మధ్య గట్టు తప్ప ఏమీ లేదు. అతను తన మంచె మీద నిలబడి ఒక్క కేక వేస్తే మా చేలో పందులు కూడా తోకలు లేపి పరిగెత్తేవి. నేనూ అరిచేవాణ్ణి. నా అరుపుకు పందులు ఒకసారి తల ఎత్తి చూసి మళ్ళీ తిండిలో పడేవి.

వయసులో ఉన్నప్పుడు పగిడయ్య అడవిలో వెదురు కొట్టే కూపుల్లో పనిచేశాడు. నరికిన వెదురు కట్టలు లారీకి ఎత్తేటప్పుడు అందరూ ఒక్కసారే బలం పెట్టాలంటే ఒకడు కేక అందుకోవాలి. ఆ ఒకడు పగిడయ్య. భుజం కదపకుండా గొంతుతోనే కూలి సంపాదించాడని మేము ఆటపట్టించేవాళ్ళం. నిజానికి భుజం కూడా బాగానే కదిపాడు, కాకపోతే అందరికీ గుర్తున్నది గొంతు. అది కీచుగా పైకి లేచే గొంతు కాదు. బావిలోంచి తోడినట్టు బరువుగా వచ్చేది. పక్కన నిలబడితే మన ఛాతీలో అదిరేది.

భార్య గంగక్కది పర్ణశాల పక్క ఊరు. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు పగిడయ్య మామూలుగా మంచినీళ్ళు అడిగితే, ఇక్కడేదో గొడవ జరుగుతోందనుకుని పక్కింటివాళ్ళు వచ్చారట. గంగక్క ఆ ముచ్చట చెప్పి చెప్పి నవ్వేది. ఆమె మాట మాత్రం పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా సగమే వినబడేది. ఇద్దరి గొంతులూ కలిపి సగానికి పంచితే రెండు మామూలు గొంతులు అవుతాయని ఊళ్ళో అనుకునేవాళ్ళం. ఒక్కతే కూతురు ప్రమీల. అల్లుడికి బొగ్గు గనిలో పని కాబట్టి వాళ్ళు ఇల్లందులో ఉంటారు.

ఒక ఏడు చలికాలం మొక్కజొన్నకు కాపలా ఉంటూ పగిడయ్య బాగా దగ్గాడు. మంచులో మంచె ఎక్కవద్దని గంగక్క పోరు పెట్టింది. ఆమెకు తమ్ముడి వరసైన వీరబాబు ఏన్కూరు సెంటర్లో మైకు సెట్లు కిరాయికిస్తాడు, చిరిగిన స్పీకర్లకు కొత్త కోన్లు వేస్తాడు. అతనికి కబురు పెట్టింది. వీరబాబు ఒక నీళ్ళ బకెట్టు అడుగున స్పీకరు బిగించి, దాని వెనక చిన్న యాంప్లిఫయరు, మోటారు సైకిల్ బ్యాటరీ పెట్టి, మాట పట్టుకునే బోర్డు ఒకటి తగిలించి తెచ్చాడు. బోర్డు మీద రెండు బటన్లు. పచ్చది నొక్కితే ఎక్కించిన మాట ఆగకుండా తిరిగి తిరిగి మోగుతుంది. ఎర్రది నొక్కి పట్టుకుని చిన్న మైకులో మాట్లాడితే పాత మాట పోయి కొత్తది ఎక్కుతుంది. బకెట్టు మూతి అడవి వైపు తిప్పి మంచె గుంజకు వేలాడదీశారు. దానికి మేము పెట్టిన పేరు పందుల మైకు.

పగిడయ్య ఎర్ర బటన్ నొక్కి, పందుల వంశాన్ని మొదటినుంచీ అందుకున్నాడు. "హోయ్... ఎవడ్రా చేన్ల? మీ అయ్య దున్నిండా, మీ తాత నాటిండా? కాళ్ళిరగ్గొడ్త... పో... హో..." మధ్యలో రెండు కోయ మాటలు కూడా పడ్డాయి, వాటి అర్థం అడిగితే ఎవరూ చెప్పరు. అరిచి అరిచి ఆయాసపడి, బటన్ మీద వేలు ఉన్న సంగతి మరిచిపోయి, కింద నిలబడ్డ భార్యను మామూలుగా అడిగాడు: "ఏమే, నీళ్ళు తెచ్చినవా?"

అది కూడా ఎక్కింది. మళ్ళీ చెప్తానన్నాడు పగిడయ్య. పందులకు గదేం తెలుస్తది, ఉండనీ బావా అన్నాడు వీరబాబు. ఆ విధంగా మా చేల మీద రోజూ పొద్దుగూకే వేళ పందులకు తిట్లు, తిట్ల చివర గంగక్కకు పిలుపు మోగడం మొదలైంది. ఊరి పిల్లలందరికీ అది కంఠతా వచ్చేసింది.

తర్వాతి వానాకాలం నాటికి పగిడయ్య గొంతు బొంగురుపోయింది. జలుబన్నాడు, పులుపు పడలేదన్నాడు. చుట్ట మాత్రం మానలేదు. ఖమ్మంలో చూపిస్తే హైదరాబాదు పొమ్మన్నారు. అక్కడి పెద్దాసుపత్రిలో, గొంతులో మాట పుట్టే భాగం తీసేస్తే మనిషి దక్కుతాడు, లేకపోతే లేదు అన్నారు. ఆ మాట విని వచ్చి గంగక్క మా గట్టు మీద కూర్చుంది. "మనిషే గావాలె గదన్నా" అంది నాతో. నేను అవ్ అన్నాను. ఇంకేమంటాను?

మనిషి దక్కాడు. మెడ కింద చిన్న రంధ్రం పెట్టి పంపారు, ఊపిరి అందులోంచే. నోరు ఉంది, నాలుక ఉంది, మాట లేదు. ఆసుపత్రిలో ఒక అమ్మాయి ఏదో పద్ధతి నేర్పిందట. నోటితో గాలి మింగి, దాన్ని తేన్పులాగా పైకి తెస్తూ అందులో మాట పలకాలి. నెలల తరబడి సాధన చేస్తే వస్తుంది, నేర్చుకోవడానికి మళ్ళీ మళ్ళీ రావాలి అంది. ఒకసారి వెళ్ళారు. తర్వాత పత్తి తీత వచ్చింది, ఆ తర్వాత వాగు పొంగింది. పనులున్న ఇంట్లో మాట నేర్చుకోవడం అందరికన్నా వెనక పడే పని.

అప్పటికి ఆ గొంతు ఇంకెక్కడా లేదని మాకు తట్టింది. పగిడయ్యది నొక్కే ఫోను, అందులో మాట్లాడిన మాట గాలికి పోయింది. ప్రమీల పెళ్ళి వీడియో ఉంది. అందులో పగిడయ్య కనబడతాడు, నోరు కదుపుతాడు, ఎవరినో కసురుతాడు కూడా. వినబడేది మాత్రం పాటలు. వీడియో తీసినవాడు మొదటినుంచి చివరివరకు పాటలు అతికించి ఇచ్చాడు, అప్పుడు మాకు అది బాగుందనిపించింది. మిగిలింది బకెట్టులో తిట్లు, చివరన ఆ ఒక్క ప్రశ్న.

కొత్త పంట వేసిన రోజుల్లో పొద్దుగూకే వేళకు పగిడయ్య తనే వెళ్ళి పచ్చ బటన్ నొక్కి ఇంటికొచ్చి అరుగు మీద కూర్చునేవాడు. చేలోంచి అతని గొంతు ఊళ్ళోకి వినబడేది. తన గొంతు తిడుతుంటే తను మౌనంగా వినేవాడు. ఆ తిట్లకు మేము నవ్వాలో, వద్దో తెలిసేది కాదు. "ఏమే, నీళ్ళు తెచ్చినవా" అని వచ్చినప్పుడు, పొయ్యి దగ్గర గంగక్క "తెస్తున్న" అనేది. ఊరికే అనడం కాదు, మొదటిసారి వినబడగానే చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చేది. తర్వాత మోగిన ప్రతిసారీ పెదవులతో అనేది. నేను అది చూశాను కాబట్టి చెబుతున్నాను, ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

పందులు మాత్రం మాకన్నా తెలివైనవి. ఒకే మాట ఒకే చోటినుంచి వస్తే కొన్నాళ్ళకు దానికి అలవాటు పడతాయి. మొదట గట్టు దాకా వచ్చాయి, తర్వాత చేలోకి వచ్చాయి. పగిడయ్య సౌండ్ పెంచాడు. కొన్నాళ్ళు ఆగాయి, మళ్ళీ వచ్చాయి. మళ్ళీ పెంచాడు. తిప్పే బుడిపె చివరికంటా వచ్చాక ఇక తిప్పడానికి ఏమీ లేదు. అప్పుడు గొంతులో గరగర మొదలైంది. కాగితం చిరిగినట్టు తిట్లు, ముక్కుతో మాట్లాడినట్టు ఆ పిలుపు. గంగక్క పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చి వినేది. "గీయన గొంతు గిట్ల లేకుండె" అనేది.

వీరబాబు వచ్చి బకెట్టు విప్పాడు. ఇతనికి కోన్ల గురించి చెప్పమంటే భోజనం కూడా మరిచిపోతాడు. స్పీకరును బల్ల మీద వెల్లకిలా పెట్టి, దాని నల్ల కాగితం కోన్ మీద నాలుగు జొన్న గింజలు వేసి సౌండ్ మెల్లగా పెంచాడు. గింజలు కదిలాయి, గెంతాయి, ఎగిరి నేల మీద పడ్డాయి.

"చూసినవా బావా. కోన్ ముందుకు, ఎనక్కి ఊగుతది. ఎంత ఊగితే అంత గాలిని తోస్తది, గంత సౌండ్. కానీ చెవి మనం అనుకున్నట్టు ఇనదు. చెవికి రెండింతలు ఇనబడాలంటే కరెంటు పదింతలు పొయ్యాలె, కోన్ మూడింతల కన్న ఎక్కువ ఊగాలె. ఇది పాపం కట్టుతాడు మీదున్న ఎద్దు లెక్క. తాడు అందినకాడికే పోతది. నువ్వు ఇంకా పొమ్మంటున్నవ్, అంచు చిరిగింది, లోపల కాయిల్ రాసుకుంటున్నది."

"మరి నీ కిరాయి సెట్లు అరుస్తయి గదా గంత పెద్దగ?" అన్నాన్నేను.

"అవి పెద్ద కోన్లన్నా. పెద్ద కోన్ కొంచెం ఊగినా బోలెడు గాలి తోస్తది. ఇంకోటుంది. బావది బరువు గొంతు. బరువు గొంతుకు కోన్ చానా ఊగాలె. గదే సన్న గొంతైతే ఊగీ ఊగనట్టున్నా చాలు, చెవిల గుచ్చుకుంటది. బావ గొంతే ఈ కోన్‌ను తినేసింది."

అతను మెచ్చుకోలుగానే అన్నాడు. పగిడయ్య వేలితో కోన్ చిరుగును తడిమి చూశాడు. తన గొంతు ఎక్కువై చిరిగిందని విని సంతోషపడ్డాడో, బాధపడ్డాడో ఆ మొహంలో నాకు తెలియలేదు. మాట లేని మనిషి మొహం చదవడం మాకు ఇంకా చేతకాలేదు.

మరుసటి వారం నేనూ, పగిడయ్యా బకెట్టు పట్టుకుని ఏన్కూరు వెళ్ళాం. వీరబాబు పెద్ద పెయింటు బకెట్టు తీసి, అందులో ఇంకాస్త పెద్ద స్పీకరు, కొత్త కోన్ వేశాడు. బోర్డు మాత్రం పాతదే, గొంతు ఉన్నది అందులోనే కాబట్టి దాన్ని జాగ్రత్తగా మార్చాడు. పరీక్ష చేయడానికి తన షాపు మైకు తగిలించి, నోరు దానికి ఆనించి గుసగుసగా ఏదో అన్నాడు. పక్కనే ఉన్న మాకు వినబడలేదు. బకెట్టులోంచి వచ్చిన "హలో"కు రోడ్డవతల టీ కొట్టు దగ్గరివాళ్ళు తిరిగి చూశారు. పగిడయ్య కళ్ళు పెద్దవి చేసుకుని ఇంకోసారి అనమని సైగ చేశాడు. వీరబాబు ఇంకోసారి అన్నాడు. పగిడయ్య మళ్ళీ సైగ చేశాడు. చిన్నపిల్లాడిలా ఆ వింత చూసి ముచ్చట పడుతున్నాడనుకున్నాను.

"మీ బావ గొంతును ఫోన్లకు దించు వీరబాబూ, భద్రంగ ఉంటది" అన్నాన్నేను.

"ఇప్పుడే వద్దన్నా. కొత్త కోన్ కొత్త చెప్పు లెక్క, గట్టిగుంటది. కొన్ని దినాలు మోగనియ్యి, అంచు సాగుతది. అప్పుడు బరువు గొంతు అసలుకు అసలు వస్తది. అప్పుడొచ్చి స్పీకరు ముందట ఫోన్ పెట్టి మంచిగ దించుత, పెన్‌డ్రైవ్‌ల ఏసి అక్కకు ఇస్త. చేస్తే సాఫ్‌గ చెయ్యాలె."

అతను చెప్పింది అబద్ధం కాదు. కోన్లు వేసేవాళ్ళందరూ ఆ మాటే అంటారు. స్పీకరు అక్కర్లేకుండా బోర్డు నుంచే వైరు కలిపి దించుకోవచ్చని తర్వాత ఎవరో అన్నారు. అంతా అయిపోయాక చెప్పేవాళ్ళకు మన దగ్గర ఏనాడూ కరువు లేదు.

కొత్త బకెట్టు కట్టిన మొదటి సాయంత్రం గంగక్క చేను దాకా వచ్చి విన్నది. తిట్లు గుండ్రంగా, బరువుగా వచ్చాయి. చివర్లో పిలుపు వచ్చేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గిదీ" అంది. పందులు కూడా వెనక్కి తగ్గాయి. ఆ నాలుగు రోజులూ మా అందరికీ ప్రాణం కుదుటపడింది.

పగిడయ్య వాగు ఒడ్డున ఒంటరిగా కూర్చుని ఏదో చేస్తుండడం నేను ముందునుంచీ గమనిస్తూనే ఉన్నాను. నోరు తెరిచి గాలి మింగుతాడు, మెడ బిగిస్తాడు, తేన్పు తెస్తాడు. నన్ను చూస్తే ఆపేస్తాడు. అడిగి అవమానించడమెందుకని నేనూ చూడనట్టే పోయేవాణ్ణి. ఆ సాధన అప్పటికి ఎంతదాకా వచ్చిందో మాకెవరికీ తెలియదు, గంగక్కకు కూడా.

అయిదో రోజు ఇంకా ఎండ ఉండగానే పగిడయ్య మంచె ఎక్కాడు. నేను మా చేలో కలుపు తీస్తున్నాను. తలెత్తి చూస్తే బోర్డుకున్న చిన్న మైకును నోటికి ఆనించుకుని వంగి ఉన్నాడు. భుజాలు ఎగసి పడుతున్నాయి. కాసేపటికి నిటారుగా నిలబడి, ఇంటివైపు ఒకసారి చూసి, పచ్చ బటన్ నొక్కాడు.

బకెట్టులోంచి గాలి వచ్చింది. సైకిల్ ట్యూబు పంక్చరైనప్పుడు వచ్చే శబ్దం, చేను మొత్తానికి సరిపోయేంత పెద్దగా. మెడ రంధ్రంలోంచి ఎగదన్నే ఊపిరి పెద్దది, నోటితో పలికిన చిన్న మాట దాని కింద మునిగిపోయింది. గాలి ఆగకుండా కొట్టింది, మధ్యలో ఎక్కడో నీటి బుడగ పగిలినట్టు ఒక చప్పుడు. అంతే. మళ్ళీ గాలి.

పగిడయ్య ఆగిపోయాడు. బటన్ ఆపి మళ్ళీ నొక్కాడు. అదే వచ్చింది. బకెట్టును తనవైపు తిప్పుకుని, లోపల చెయ్యి పెట్టి అరచేతిని కోన్ మీద ఆనించాడు. చెయ్యి ఆనించగానే సౌండ్ అణిగింది. తీస్తే మళ్ళీ గాలి. ఆనించడం, తీయడం. లోపల పాత గొంతు ఏ మూలనో ఇరుక్కుని ఉంటే చేతికి తగులుతుందేమో అన్నట్టు వెతికాడు.

ఊళ్ళోంచి గంగక్క పరిగెత్తుకొచ్చింది. "ఏడుంది మాట? ఏదయ్యా?" అని అడిగింది. పగిడయ్య మంచె దిగి ఆమె ముందు నిలబడ్డాడు. గాలి మింగి, మెడ బిగించి, పెదవులు కదిపాడు. చేతికందే దూరంలో నిలబడితే వినబడేంత చిన్నగా, గరుకుగా ఒక మాట వచ్చింది.

"ఏమే."

నెలల తరబడి వాగు ఒడ్డున కూర్చుని సంపాదించిన మాట అది. దాన్ని బకెట్టులో వేసి, వీరబాబు గుసగుసను పెంచినట్టు పెంచి, ఇంట్లో ఉన్న భార్యకు వినిపించాలనుకున్నాడు. గొంతులో మాట ఎంత చిన్నదైనా యంత్రం పెద్దది చేస్తుందని తన కళ్ళతో చూశాడు కదా. ఎర్ర బటన్ పాతదాన్ని చెరిపేస్తుందన్నది మరిచిపోయాడో, చెరిగినా పరవాలేదు, ఇక కొత్త మాట ఉంది కదా అనుకున్నాడో, అడిగినా చెప్పలేడు. నాకు అతని మీద కోపం వచ్చింది. మరుక్షణం నా కోపం మీద నాకే అసహ్యం వేసింది.

గంగక్క అతని చెయ్యి పట్టుకుంది, విడిచింది, సాలు మధ్యలో కూర్చుండిపోయింది.

మర్నాడు వీరబాబు వచ్చి బోర్డు విప్పి, అటు తిప్పి ఇటు తిప్పి, వైర్లు పీకి, మళ్ళీ పెట్టాడు. చాలాసేపటి తర్వాత "పోయిందక్కా" అన్నాడు. దించుతానన్న ఫోను అతని జేబులోనే ఉంది. దాన్ని బయటికి తీసి చూసి మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. అతన్ని తిట్టడానికి మాటలు నా నోటిదాకా వచ్చాయి. మొహం చూశాక మింగేశాను.

కొన్ని రోజులు మంచె మీద ఏ చప్పుడూ లేదు. పందులకు అంతకన్నా ఏం కావాలి? మా చేలో ఒక మూల, వాళ్ళ చేలో వాగు వైపు భాగం నేలమట్టమయ్యాయి. పాలకంకులు నమిలి ఉమ్మేసి ఉన్నాయి. ఏడాది తిండి అదే. మనసు బాగయ్యేదాకా ఆగుదామంటే పంట ఆగదు. వీరబాబును మళ్ళీ పిలిపించాం. ఎవరో ఒకరు మళ్ళీ అరిచి ఎక్కించాలి.

నేను అరుస్తానని ముందుకొచ్చాను. ఎవరూ పట్టించుకోలేదు. గంగక్క లేచి మంచె దగ్గరికి వెళ్ళింది.

"నేనరుస్త" అంది.

"నీ గొంతు గట్టు దాటదక్కా" అన్నాడు వీరబాబు.

ఆమె వినలేదు. మైకు చేతిలోకి తీసుకుంది. పగిడయ్య పక్కన నిలబడి ఎర్ర బటన్ నొక్కి పట్టుకున్నాడు. గంగక్క అతని తిట్లే అందుకుంది, అలవాటు లేని నోటితో, చదివి అప్పజెప్పినట్టు. "హోయ్... ఎవడ్రా చేన్ల... కాళ్ళిరగ్గొడ్త..." అంటూ అంటూ కిందికి చూసింది. ఎర్ర బటన్ మీద ఉన్న ఆ వేలు చూసింది. ఆ వేలే, ఆ బటనే.

అప్పుడొచ్చింది ఆమె గొంతు. ఇన్నేళ్ళలో మేమెవరం వినని గొంతు.

"ఎందుకు చెరిపినవయ్యా? నన్నొక్క మాట అడగకపోతివి. నాకు గదొక్కటే ఉండె గదా. ఇంక నన్నెవరు పిలుస్తరు? చెప్పు. చెప్పవేందయ్యా? చెప్ప..."

బోర్డులో చోటు అక్కడికి అయిపోయింది. పగిడయ్య వేలు బటన్ మీదనుంచి తీయలేదు. తీసి ఉంటే సగంలో ఆగేది. అతను తీయలేదు, ఆమె మాటకు అడ్డం పడలేకపోయాడు.

వీరబాబు అలవాటుగా పచ్చది నొక్కి, బకెట్టులో వేలు పెట్టి కోన్‌ను చూశాడు. అడవి అంచున కొంగలు లేచిపోయాయి. వాగవతల పనిచేస్తున్నవాళ్ళు నడుములెత్తి చూశారు. "చూడన్నా, కోన్ కదుల్తనే లేదు, సౌండ్ ఎంత దూరం పోతున్నదో చూడు. సన్న గొంతుకు గంతే. ఇగ దీనికి చిరుగుడనేది లేదు, ఎన్నేండ్లైనా..." అని, మా మొహాలు చూసి ఆపేశాడు.

"చెరిపెయ్యి. మళ్ళొకసారి నేనెక్కిస్త" అన్నాన్నేను.

గంగక్క అటు తిరిగి కన్నీళ్ళు తుడుచుకుంటోంది. పగిడయ్య తల అడ్డంగా ఊపాడు. వీరబాబు సంచిలోంచి నల్ల టేపు తీసి, ఎర్ర బటన్ మీద చుట్టాడు. చుట్టిన దాని మీదే మళ్ళీ మళ్ళీ చుట్టాడు. ఆ ఇంట్లో ఇంకో గొంతు చెరపడానికి అతను ఒప్పుకోడని మాకు అర్థమైంది. మాకు అర్థమై చేసేదేముంది?

పందులు రావడం మానేశాయి. ఆడమనిషి ఏడుపుకు అవి ఇంకా అలవాటు పడలేదు. మొక్కజొన్న గింజ గట్టిపడుతోంది. పొద్దుగూకే వేళ ఊరంతా ఆ మాటలు వింటుంది, వింటూ అన్నం తింటుంది. పిల్లలు దీన్ని మాత్రం అనుకరించరు. గంగక్క పొయ్యి ముందు కూర్చుని తన గొంతు తనే వింటుంది, లేచి రాదు. మళ్ళీ మునుపటిలాగే, పక్కనున్నవాళ్ళకు సగమే వినబడేలా మాట్లాడుతోంది.

బటన్ నొక్కేది ఇప్పుడూ పగిడయ్యే. నొక్కి మునుపటిలా వెంటనే ఇంటికి పోడు, బకెట్టు కింద నిలబడతాడు. నేను గట్టు ఇవతల గడ్డి కోస్తున్నట్టు నటిస్తూ ఉంటాను. ఆమె అడగడం అయిపోయి, మళ్ళీ మొదలయ్యే లోపు చిన్న సందు ఉంటుంది. ఆ సందులో పగిడయ్య తలెత్తి, నోరు తెరిచి, జవాబు చెప్పడానికి సిద్ధమవుతాడు. అతను గాలి మింగేసరికే గంగక్క మళ్ళీ మొదలుపెడుతుంది.